నాలుగు భుజాలు – ఒక కర్ణం

(ఆలయ జీర్ణోద్ధరణ, మహా కుంభాభిషేక మహోత్సవ సందర్భంగా జరిగిన సాంస్కృతిక సభలో ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఆగమశాస్త్రం గురించి, స్థలపురాణం గురించి పెద్దలు ప్రసంగించిన ఈ వేదికపై లెక్కల అయ్యవారికి ఏమి పని అని కొందరికి అనిపించవచ్చు. నాకూ అట్లే అనిపించింది. కాని యాగశాల నిర్మాణ సమయంలో చూచిన ఒక దృశ్యం నా సంకోచాన్ని పోగొట్టింది. చతురస్ర కుండం కోసం స్థపతిగారు నేలపై నాలుగు మేకులు నాటి, దారం బిగించి, నాలుగు వైపులా కొలిచారు. నాలుగూ సమానంగా వచ్చాయి. అయినా వారు అంతటితో ఆగక, దారాన్ని ఒక మూల నుండి ఎదుటి మూలకు పట్టి కొలిచారు. పిదప రెండవ జత మూలలకు పట్టారు. రెండు కొలతలూ కలియలేదు. మేకులు పెరికి మరల నాటారు. పక్కన నిలబడి చూస్తున్న ఒక బాలుడు, "నాలుగు పక్కలూ సమంగానే వచ్చె గదా తాతా, మళ్ళీ ఎందుకు కొలుస్తాండారు?" అని నన్ను అడిగాడు.

ఆ బాలుని ప్రశ్నకు సమాధానమే నా నేటి ప్రసంగం. చతుర్భుజం అంటే ఏమిటి, దాని భేదాలు ఎన్ని, ఆ భేదాలను ఏ లక్షణాన్ని బట్టి నిర్ణయించాలి అన్నది విషయం. ఇది ఎనిమిదవ తరగతి పాఠమే అయినా, మన పూర్వులు పదిహేను శతాబ్దాలకు పైగా ఆలోచించిన సమస్య; మన ఇంటి స్థలానికీ, చేనికీ, మగ్గానికీ నేటికీ సంబంధించిన సమస్య.

నిర్వచనం, నామం

ఒకే తలంలో నాలుగు బిందువులను తీసుకొని, వాటిలో ఏ మూడూ ఒకే సరళరేఖపై లేకుండా చూచి, వాటిని వరుసగా నాలుగు రేఖాఖండాలతో కలిపినప్పుడు, ఆ రేఖాఖండాలు ఒకదానినొకటి మధ్యలో ఖండించుకోకుండా ఏర్పడే సంవృత పటమే చతుర్భుజం. దానికి నాలుగు భుజాలు, నాలుగు శీర్షాలు, నాలుగు కోణాలు ఉంటాయి. ఎదురెదురు శీర్షాలను కలిపే రేఖలు రెండు. వాటినే కర్ణాలు అంటాము. రెండు కర్ణాలూ పటం లోపలనే ఉంటే అది కుంభాకార చతుర్భుజం. ఒక మూల లోపలికి నొక్కుకుపోయి ఒక కర్ణం బయట పడితే అది పుటాకార చతుర్భుజం. లోపలి కర్ణం ఏ చతుర్భుజాన్నైనా రెండు త్రిభుజాలుగా చేస్తుంది. ఒక్కొక్క త్రిభుజంలోని కోణాల మొత్తం 180 డిగ్రీలు కనుక చతుర్భుజ కోణాల మొత్తం 360 డిగ్రీలు. కర్ణం గీసిన వెంటనే తెలియని పటం తెలిసిన పటాలుగా మారిపోయిందని గమనించగలరు.

ఇక పేరు సంగతి. 'అస్రము' అంటే కోణం, మూల. అందుచేత 'చతురస్రం' అన్న మాటకు మొదటి అర్థం నాలుగు మూలలు గలది అని మాత్రమే. ప్రాచీన గ్రంథాలలో ఏ నాలుగు మూలల పటాన్నైనా చతురస్రమనేవారు. నాలుగు భుజాలూ, నాలుగు కోణాలూ సమానమైన దానిని చెప్పవలసి వచ్చినప్పుడు 'సమచతురస్రం' అనీ, పొడవు వెడల్పులు వేరైన దానిని 'దీర్ఘచతురస్రం' అనీ విశేషణం చేర్చి చెప్పేవారు. కాలక్రమాన తెలుగులో 'సమ' అన్న విశేషణం జారిపోయి, చతురస్రం అన్న సామాన్యనామమే ఆ ఒక్క పటానికి పేరైంది. కాని దీర్ఘచతురస్రంలో పాత అర్థం నేటికీ నిలిచి ఉన్నది. మన పిల్లలు తికమకపడేది ఇక్కడే. "దీర్ఘచతురస్రం కూడా చతురస్రమేనా?" అని వారు అడిగితే, పాత భాషలో అవును, నేటి గణిత భాషలో కాదు అని చెప్పవలసి ఉంటుంది.

శుల్బసూత్రాల త్రాడు

భారతదేశంలో రేఖాగణితం యజ్ఞవేదిక వద్ద పుట్టి పెరిగిందని చెప్పడంలో అతిశయోక్తి లేదు. 'శుల్బం' అంటే త్రాడు. క్రీస్తుకు పూర్వం వెలసిన శుల్బసూత్రాలలో బౌధాయనుడు దీర్ఘచతురస్రపు కర్ణం మీది వర్గం దాని పొడవు, వెడల్పుల మీది వర్గాల మొత్తానికి సమానమని స్పష్టంగా చెప్పాడు. నేడు పైథాగరస్ పేరున చదువుకొనే సిద్ధాంతమే అది. అయితే నేటి బడిపిల్లలు దానిని త్రిభుజానికి చెందినదిగా నేర్చుకుంటే, బౌధాయనుడు చతుర్భుజానికి, దాని కర్ణానికి చెందినదిగా చెప్పాడు.

సోమయాగంలోని మహావేది చతురస్రం కాదు, దీర్ఘచతురస్రమూ కాదు. పడమటి భుజం 30, తూర్పు భుజం 24, వాటి నడిమి దూరం 36 పదాలు గల పటం. రెండు భుజాలు సమాంతరం, తక్కిన రెండు ఏటవాలు కాని సమానం. నేటి భాషలో దీనిని సమద్విబాహు సమలంబ చతుర్భుజం అంటాము. దీని వైశాల్యాన్ని ఆపస్తంబుడు వేయికి 28 తక్కువ, అంటే 972 పదాలని చెప్పాడు. ఆయన చూపిన ఉపపత్తి సుందరమైనది. ఒక వైపు ఏటవాలుగా పొడుచుకొని వచ్చిన త్రిభుజాన్ని కోసి, తలక్రిందులు చేసి, రెండవ వైపు అతికిస్తే పటం 27 వెడల్పు, 36 పొడవు గల దీర్ఘచతురస్రమవుతుంది. 27ను 36తో గుణిస్తే 972. పటం జాతి మారింది, వైశాల్యం మారలేదు.

మూలలను సరిచేయడానికి వారు వాడిన త్రాటిపై గుర్తులు 15, 36, 39. పదిహేను వర్గానికి ముప్పదియారు వర్గం కలిపితే ముప్పదితొమ్మిది వర్గం వస్తుంది. కనుక ఆ త్రాడు బిగించిన చోట లంబకోణం ఏర్పడక తప్పదు. నేటి తాపీ మేస్త్రీ పునాదికి 3, 4, 5 అడుగుల గుర్తులతో మూలమట్టం చూచుకోవడం ఆ విద్యకు కొనసాగింపే.

భుజాలను బట్టి వర్గీకరణ – అందులోని చిక్కు

పటాలను వర్గీకరించడంలో మన పూర్వ గణితవేత్తలు మొదట భుజాల సమానత్వాన్నే ఆధారం చేసుకున్నారు. క్రీ.శ. 850 ప్రాంతంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలపువాడైన మహావీరాచార్యుడు తన గణితసార సంగ్రహంలో చతురస్రాలు అయిదు విధాలని చెప్పాడు. నాలుగు భుజాలూ సమానమైనది సమం. ఎదుటి భుజాలు జతజతగా సమానమైనది ద్విద్విసమం. రెండు భుజాలు సమానమైనది ద్విసమం. మూడు సమానమైనది త్రిసమం. ఏవీ సమానం కానిది విషమం. ఈ గ్రంథాన్నే ఆధారం చేసుకొని పావులూరి మల్లన సారసంగ్రహ గణితాన్ని తెలుగు పద్యాలలో రచించాడు. తెలుగులో శాస్త్రవిషయం చెప్పవచ్చునని నిరూపించిన తొలి గ్రంథాలలో అది ఒకటి.

ఈ అయిదింటి విభజన వినడానికి నిండుగా ఉన్నది. కాని ఇందులో ఒక చిక్కు గలదు. 'నాలుగు భుజాలూ సమానం' అన్నంత మాత్రాన పటం ఏదో తేలలేదు. నాలుగు సమానమైన వెదురుబద్దలు తీసుకొని మూలలలో త్రాటితో కట్టి నిలబెట్టండి. ఒక మూలను కొంచెం నెట్టండి. చట్రం వాలిపోతుంది. భుజాలు అవే, చుట్టుకొలత అదే. కాని చతురస్రం పోయి సమచతుర్భుజం వచ్చింది. ఇంకా నెడితే సన్నబడి సన్నబడి చివరకు రెండు బద్దలు రెండింటిపై పడి వైశాల్యమే లేకుండా పోతుంది. మూడు బద్దలతో కట్టిన త్రిభుజం ఇట్లా కదలదు. అందుకే వడ్రంగి కొత్త ద్వారబంధాన్ని గోడలో నిలిపేటప్పుడు మూలకు అడ్డంగా ఒక పట్టీ కొట్టి ఉంచుతాడు. ఆ పట్టీయే కర్ణం. అది ఉన్నంతవరకు ద్వారబంధం రెండు త్రిభుజాలు. ఊడదీస్తే వాలగల చతుర్భుజం.

ఈ సత్యాన్ని నిర్మొహమాటంగా చెప్పినవాడు భాస్కరాచార్యుడు. 1150లో రచించిన లీలావతిలో ఆయన, చతుర్భుజంలో కర్ణాలు నియతమైనవి కావని హెచ్చరించాడు. కర్ణాన్నో లంబాన్నో చెప్పకుండా కేవలం నాలుగు భుజాలు చెప్పి వైశాల్యం అడిగేవాడు పిశాచమనీ, ఆ ప్రశ్నకు సమాధానం చెప్పేవాడు అంతకంటె పెద్ద పిశాచమనీ ఎత్తిపొడిచాడు. గణిత గ్రంథంలో ఇంతటి కోపం అరుదు. ఆ కోపానికి కారణం ఆయన ఇచ్చిన లెక్కలోనే తెలుస్తుంది.

నాలుగు భుజాలూ 25 గల పటాన్ని ఆయన తీసుకున్నాడు. ఒక కర్ణం 30 అనుకుంటే రెండవది 40. వైశాల్యం కర్ణాల లబ్ధంలో సగం, అంటే 600. ఒక కర్ణం 14 అనుకుంటే రెండవది 48, వైశాల్యం 336. రెండు కర్ణాలూ సమానమైతే అది చతురస్రం, వైశాల్యం 625. భుజాలు మూడు చోట్లా 25 మాత్రమే. వైశాల్యాలు మూడు. ఏది సరియైనదని అడిగితే ఏమి చెప్పగలం?

628లో బ్రహ్మగుప్తుడు నాలుగు భుజాలతోనే వైశాల్యం కనుగొనే ఒక ఉత్తమ సూత్రం ఇచ్చాడు. చుట్టుకొలతలో సగం నుండి ఒక్కొక్క భుజాన్నీ తీసివేసి, ఆ నాలుగు శేషాలనూ గుణించి వర్గమూలం తీయాలి. భుజాలు 25 అయినప్పుడు ఆ సూత్రం ఎల్లప్పుడూ 625 అనే చెబుతుంది. అందుకే భాస్కరుడు అది చతుర్భుజానికి స్ఫుటం కాదన్నాడు. నాలుగు శీర్షాలూ ఒకే వృత్తంపై ఉన్న చక్రీయ చతుర్భుజానికి మాత్రం బ్రహ్మగుప్తుని సూత్రం అక్షరాలా సత్యం. అంతేకాదు, ఇచ్చిన నాలుగు భుజాలతో ఏర్పడే పటాలన్నింటిలో చక్రీయమైనదే అత్యధిక వైశాల్యం గలది. సూత్రంలో దోషం లేదు. ఏ జాతి పటానికి వర్తిస్తుందో చెప్పకపోవడంలో ఉన్నది చిక్కు. నిర్వచనం ఎందుకు ముఖ్యమో దీనికంటె మంచి ఉదాహరణ లేదు.

నేటి వంశవృక్షం

గ్రీకు దేశంలో క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ కూడా చతుర్భుజాలను విభజించాడు. ఆయన పద్ధతి వేరువేరు గదులలో పెట్టి తాళం వేసినట్లుంటుంది. ఆయన లెక్కన భుజాలన్నీ సమానమైతే అది దీర్ఘచతురస్రం కానే కాదు. లంబకోణాలు ఉంటే సమచతుర్భుజం కానే కాదు. నేటి గణితం గదుల పద్ధతిని విడిచి, వంశవృక్ష పద్ధతిని స్వీకరించింది. దానిని క్లుప్తంగా విన్నవిస్తాను.

మూలపురుషుడు చతుర్భుజం. ఒక జత ఎదుటి భుజాలు సమాంతరమైతే సమలంబ చతుర్భుజం. బడిలో ట్రెపీజియం అంటాము. రెండు జతలూ సమాంతరమైతే సమాంతర చతుర్భుజం. దాని కోణాలు లంబకోణాలైతే దీర్ఘచతురస్రం. కోణాల ఊసు లేకుండా భుజాలన్నీ సమానమైతే సమచతుర్భుజం, అంటే రాంబస్. ఈ రెండు లక్షణాలూ ఒకచోట కలిస్తే చతురస్రం. పక్కపక్కనున్న భుజాలు రెండు జతలుగా సమానమైతే అది గాలిపటం. సమచతుర్భుజం ఆ వంశానికీ చెందుతుంది.

కనుక చతురస్రం దీర్ఘచతురస్రమూ అవును, సమచతుర్భుజమూ అవును, సమాంతర చతుర్భుజమూ అవును. మనుమడు తండ్రికి కుమారుడు, తాతకు మనుమడు, అయినా ఒక్కడే కదా. ఈ పద్ధతిలో గొప్ప లాభం ఒకటి ఉన్నది. సమాంతర చతుర్భుజంలో కర్ణాలు పరస్పరం సమద్విఖండన చేసుకొంటాయని ఒక్కసారి నిరూపిస్తే, ఆ సత్యం దీర్ఘచతురస్రానికీ, సమచతుర్భుజానికీ, చతురస్రానికీ పిత్రార్జితంగా సంక్రమిస్తుంది. వేరువేరుగా నిరూపించనక్కరలేదు.

వంశాన్ని గుర్తుపట్టేది కూడా కర్ణాలనుబట్టియే. కర్ణాలు ఒకదానినొకటి సగం చేసుకొంటే సమాంతర చతుర్భుజం. దానికి తోడు కర్ణాలు సమానమైతే దీర్ఘచతురస్రం. సమానం కాకున్నా లంబంగా ఖండించుకొంటే సమచతుర్భుజం. సమానమూ, లంబమూ రెండూ అయితే చతురస్రం. కర్ణాలు సమానమన్న ఒక్క గుణమే చాలదు సుమా! మహావేదికి కూడా కర్ణాలు సమానమే; కాని అవి ఒకదానినొకటి సగం చేసుకోవు.

పేర్ల విషయంలో దేశాచారభేదం ఉంటుందని కూడా చెప్పాలి. మన పిల్లలు కొందరు అమెరికాలో ఉన్నారు. మనం ట్రెపీజియం అనేదానిని అక్కడ ట్రపిజాయిడ్ అంటారు. ఒక జత భుజాలు మాత్రమే సమాంతరం కావాలా, కనీసం ఒక జత చాలునా అన్న విషయంలో కూడా పుస్తకాలు ఏకీభవించవు. నిర్వచనం ఒక ఒప్పందం. ఏ ఒప్పందమైనా చేసుకోవచ్చు. చేసుకున్న తరువాత చివరివరకు దానికి కట్టుబడి ఉండాలి.

ఎన్ని కొలతలు కావాలి?

ఇన్ని భేదాలు జ్ఞాపకం ఉంచుకోలేమనేవారికి నేనొక సులభమార్గం చెబుతాను. పటాన్ని నిస్సందేహంగా గీయడానికి ఎన్ని కొలతలు కావాలో చూడండి. చతురస్రానికి ఒక్క కొలత చాలు. దీర్ఘచతురస్రానికి రెండు, పొడవు, వెడల్పు. సమచతుర్భుజానికీ రెండు, భుజం, ఒక కర్ణం. సమాంతర చతుర్భుజానికి మూడు. సమలంబ చతుర్భుజానికి నాలుగు. ఏ విశేషమూ లేని చతుర్భుజానికి అయిదు, నాలుగు భుజాలు, ఒక కర్ణం. నియమం ఎంత ఎక్కువైతే కొలత అంత తగ్గుతుంది. నియమం లేనిచోట అయిదవ కొలత తప్పదు. ఆ అయిదవ కొలతను మరచిపోవడమే లోకంలో జరిగే పొరపాటు.

ఈ మాట ధర్మవరం నేతగానికి ఎవరూ చెప్పనక్కరలేదు. గళ్ళ చీరకు పడుగులో ఎన్ని పోగులకు రంగు మారుతుందో, పేకలోనూ అదే దూరానికి రంగు మారిస్తే గడి చతురస్రమవుతుంది. అయితే పేక పడుగుకు నిట్టనిలువుగా కూర్చోకుండా ఏటవాలుగా పడితే, భుజాలు సమానంగానే ఉండి గడి సమచతుర్భుజంగా వాలుతుంది. పోగులు లెక్కపెడితే తప్పు కనబడదు. చీరను మూలకు మూల చేర్చి మడిస్తే కనబడుతుంది. పెనుకొండలో అధికారం నెరపిన విరూపణ్ణ, ఆయన సోదరుడు వీరణ్ణ అచ్యుతదేవరాయల కాలంలో లేపాక్షి వీరభద్రాలయాన్ని నిర్మింపజేశారు. అక్కడి లతామండప స్తంభాలపై శిల్పులు చెక్కిన నగిషీలు మన నేతగాండ్రకు నమూనాలైనాయి. రాతిలోని గడి చీరలో గడిగా మారడానికి కావలసినది ఈ మూల కొలతయే.

చేని లెక్క – నా తప్పు

ఇక అసలు విషయానికి వస్తాను. పూర్వం పొలం కొలిచేవారు ఒక స్థూలమార్గం వాడేవారు. ఎదుటి భుజాలను కూడి సగం చేసి, తక్కిన రెండింటినీ అట్లే చేసి, ఆ రెండు సగాలనూ గుణించడం. బ్రహ్మగుప్తుడు, మహావీరుడు దీనిని చెబుతూనే ఇది స్థూలమనీ, సూక్ష్మం వేరనీ హెచ్చరించారు. ఈజిప్టు దేశంలోని ఎడ్ఫూ ఆలయ గోడలపై ఆలయ మాన్యాల లెక్కలు చెక్కబడి ఉన్నాయి. రెండువేల సంవత్సరాలకు పూర్వపు ఆ శాసనాలలోనూ ఇదే మార్గం కనిపిస్తుంది. దేవుని మాన్యాన్ని సైతం లోకమంతటా ఇట్లే కొలిచారన్నమాట.

ఈ మార్గం దీర్ఘచతురస్రానికి మాత్రమే సరియైన ఫలమిస్తుంది. మరే చతుర్భుజానికైనా ఉన్నదానికంటె ఎక్కువే చూపుతుంది. తక్కువ ఎన్నడూ చూపదు. ఈ తప్పు ఎప్పుడూ ఒకే వైపుకు మొగ్గుతుంది. కొనేవానికి నష్టం, పన్ను కట్టే రైతుకు నష్టం.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పెనుకొండ కొండ వైపు గ్రామంలోని అన్నదమ్ములిద్దరు భాగాలు పంచుకొంటూ, లెక్కల అయ్యవారు గదా అని నన్ను పిలిచారు. రెండు చేలు. రెండింటికీ పొడవు భుజాలు 200 అడుగులు, పొట్టి భుజాలు 130 అడుగులు. త్రాటితో నాలుగు వైపులా కొలిచి, గుణించి, రెండూ 26,000 చదరపుటడుగులు, దాదాపు 60 సెంట్లు, సమానమే అని చెప్పాను. మొదటి చేను దీర్ఘచతురస్రం. రెండవది వంక ఒడ్డును బట్టి వాలి ఉన్న సమాంతర చతుర్భుజం. పెద్దవాడు మొదటిది, చిన్నవాడు రెండవది తీసుకున్నారు. అందరూ సంతోషించారు. నాకు మర్యాదగా భోజనం పెట్టి పంపారు.

ఏండ్లు గడిచాయి. చిన్నవాని కొడుకు నా వద్దనే చదువుకున్నాడు. ఆ చేనిని సర్వేయరు కొలిచినప్పుడు పొడవు భుజాల నడిమి లంబదూరం 120 అడుగులే వచ్చింది. వైశాల్యం 200ను 120తో గుణిస్తే 24,000 చదరపుటడుగులు, 55 సెంట్లు. ఆ అబ్బాయి మా ఇంటికి వచ్చి, గడపలో నిలబడి, మెల్లగా అడిగాడు: "అయ్యవారూ, బడిలో మాకు భూమిని ఎత్తుతో గుణించమని చెప్తిరి గదా. మా నాయన చేనులో మాత్రం భుజాన్ని భుజంతో ఎట్ల గుణిస్తిరి?"

సమాధానం లేదు. బడిలో చెప్పిన పాఠం చేనులో నాకు గుర్తురాలేదు. సమానమని నేను చెప్పిన రెండు చేలకు 2,000 చదరపుటడుగుల తేడా ఉన్నది. సెంటు 435.6 చదరపుటడుగులు కనుక ఆ తేడా నాలుగున్నర సెంట్లకు పైమాటే. న్యాయంగా అన్న చేని నుండి వేయి చదరపుటడుగులు తమ్మునికి రావలసి ఉండినది. అప్పటికి అన్న కాలం చేశాడు. అతని చేను చేతులు మారిపోయింది. ఆ తండ్రీకొడుకులు నన్ను పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడమే నాకు బరువైంది. ఆ వేయి చదరపుటడుగులు నేటికీ నా లెక్కలో బాకీయే. భాస్కరాచార్యుడు పిశాచమన్నది ఎవరినో కాదని ఆనాడు తెలిసింది. నాలుగు భుజాలు చెప్పి అడిగినవారు వారు. కర్ణం అడగకుండా చెప్పినవాడను నేను.

ప్రభుత్వ సర్వే ఈ తప్పు చేయదు. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి నుండి మన ప్రాంతపు ఎఫ్.ఎం.బి. పటాలలో చేను మధ్యగా ఒక అడ్డగీత గీచి, దాని నుండి మూలలకు లంబాలు కొలిచి వ్రాశారు. కర్ణమో లంబమో చెప్పమన్న భాస్కరుని ఆదేశమే అది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన రీసర్వేలో ఉపగ్రహ సంకేతాల సహాయంతో మూలల స్థానాలనే నమోదు చేశారు. నాలుగు మూలల స్థానాలు తెలిస్తే కర్ణాలు వాటంతట అవే తెలుస్తాయి. కాని ఇంటి స్థలాల కాగితాలలో మాత్రం నాలుగు వైపుల అడుగులు, నాలుగు హద్దులు వ్రాసి ఊరుకోవడం నేటికీ చూస్తున్నాము. నాలుగు వైపులా 50 అడుగులు అని వ్రాసిన స్థలం చతురస్రమైతే 2,500 చదరపుటడుగులు, అయిదు ముక్కాలు సెంట్లకు కొంచెం తక్కువ. దాని కర్ణాలు 60, 80 అడుగులైతే 2,400. కర్ణాలు 28, 96 అయితే 1,344, మూడు సెంట్లకు కొంచెం ఎక్కువ. కాగితంలో మాత్రం మూడింటికీ ఒకే మాట! అంతగా వాలిన స్థలం కంటికి తెలుస్తుంది. పది అడుగులు వాలినది తెలియదు.

ముగింపు

కనుక ఈ పవిత్ర సందర్భంలో నా విన్నపం ఒక్కటే. స్థలం కొన్నా, భాగం పంచుకున్నా, పునాది తీసినా, నాలుగు వైపులతో ఆగవద్దు. మూలకు మూల కొలవండి, రెండు కర్ణాలూ కొలవండి, కాగితంలో వ్రాయించండి. దానికి కావలసినది ఒక త్రాడు, పది నిమిషాల కాలం.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. పిల్లలకు పటం చూపి పేరు చెప్పించడంతో పాఠం ముగించకండి. వెదురుబద్దల చట్రం చేతికిచ్చి నెట్టమనండి. ఏది మారింది, ఏది మారలేదు అని అడగండి. నిర్వచనం వారి చేతిలోనే పుడుతుంది.

యాగశాలలో ప్రశ్న అడిగిన బాలుడు ఈ సభలోనే ముందువరుసలో కూర్చొని ఉన్నాడు. నాయనా, స్థపతిగారు మళ్ళీ ఎందుకు కొలిచారని అడిగితివి. నాలుగు వైపులూ సమానమైనంత మాత్రాన చతురస్రం కాదు. రెండు కర్ణాలూ సమానమైనప్పుడే అవుతుంది. మేకులు జరిపిన తరువాత వారు మరల రెండు మూలలకూ దారం పట్టారు. ఈసారి కొలతలు కలిశాయి. ఆ తరువాతనే మొదటి ఇటుక పెట్టారు.